రైలుపెట్టె ఎవరి కొలతలతో తయారైంది?

వికలాంగుల గురించి మన సమాజానికి తెలిసిన మాటలు రెండే. ఒకటి జాలి, రెండోది పింఛను. ప్రయాణం అన్న మాట ఈ చర్చలో దాదాపుగా వినిపించదు. వికలాంగురాలి విషయంలోనైతే ఆ ప్రశ్నే పుట్టదు. ఆడపిల్ల, అందులోనూ నడవలేనిది, ఇంటిపట్టున ఉండటమే అందరికీ సుఖమని కుటుంబమూ, ఊరూ, ప్రభుత్వమూ కలిసి ఎప్పుడో తీర్మానించేశాయి. కానీ బడికి, ఆసుపత్రికి, కోర్టుకి, కలెక్టరాఫీసుకి, పుట్టింటికి, తిరునాళ్లకి వెళ్లలేని మనిషికి రాజ్యాంగం ఇచ్చిన మిగతా హక్కులన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. అందుకే రైలును, అందులోనూ పాత రైలును, స్త్రీల హక్కుల సమస్యగా మనం చర్చించాలని నేను అనుకుంటున్నాను.

"పాత రైలు" అనగానే చాలామందికి ఊటీ రైలో, డార్జిలింగ్ రైలో గుర్తొస్తుంది. అవి వారసత్వ సంపద, వాటిని ముట్టుకోకూడదు అంటారు. మనం రోజూ ఎక్కే ప్యాసింజరు గురించి అడిగితే, అది పాత నమూనా, ఇప్పుడు మార్చడం కుదరదు అంటారు. ఒకచోట పాతదనం గౌరవం, ఇంకోచోట పాతదనం పేదరికం. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి మాత్రం రెండుచోట్లా ఒకటే జవాబు: నీకు చోటు లేదు.

కొత్త లైను, పాత పెట్టె

మా కోయిలకుంట్ల ప్రాంతం ఈ విషయానికి మంచి ఉదాహరణ. 1871లో మద్రాసు నుంచి వచ్చిన లైనూ బొంబాయి నుంచి వచ్చిన లైనూ రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి కడప, ఎర్రగుంట్ల మీదుగా పోతుంది. 1876-78 నాటి మహా కరువు తర్వాత, మళ్లీ కరువు వస్తే ధాన్యం చేరవేయడానికి పనికొస్తుందని గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ వైపు మీటర్‌గేజి లైను వేశారు. ఈ రెండు లైన్ల మధ్య కుందూ పరీవాహక గ్రామాలు నూరేళ్లకు పైగా రైలు లేకుండానే ఉండిపోయాయి. నంద్యాల - ఎర్రగుంట్ల లైను 1996-97లో మంజూరైతే, సుమారు 123 కిలోమీటర్ల ఆ దారి పూర్తయి ప్యాసింజరు రైలు నడిచేటప్పటికి 2016 ఆగస్టు వచ్చింది.

ఈ తేదీల పక్కన ఇంకో రెండు తేదీలు పెట్టి చూడండి. వికలాంగుల కోసం మన పార్లమెంటు చేసిన మొదటి సమగ్ర చట్టం 1995 నాటిది. అది 1996 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. దాని 44వ సెక్షను రైలు పెట్టెలను వికలాంగులు ఎక్కగలిగేలా మార్చాలనీ, రైలు మరుగుదొడ్లు చక్రాల కుర్చీ వాడేవారికి అనువుగా ఉండాలనీ చెప్పింది. అంటే మా లైను కాగితం మీద పుట్టేనాటికే ఆ చట్టం ఉంది. రైలు వచ్చిన నాలుగు నెలలకు, 2016 డిసెంబరులో, దానికంటే బలమైన రెండో చట్టం వచ్చింది. రెండు చట్టాల నడుమ ఇరవై ఏళ్లపాటు కట్టిన లైను ఇది. పట్టాలు కొత్తవి, స్టేషన్లు కొత్తవి. రైలుపెట్టె నమూనా మాత్రం పాతదే.

ఎంత పాతది? మద్రాసు పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955లో ఒక స్విట్జర్లాండ్ కంపెనీ నమూనాతో పెట్టెలు చేయడం మొదలుపెట్టింది. ఆ రకం పెట్టెల తయారీ 2018లో గానీ ఆగలేదు. ఆరు దశాబ్దాలకు పైగా ఈ దేశపు సామాన్య ప్రజలు ప్రయాణం చేసింది ఎక్కువగా ఆ కొలతల్లోనే. అందుకే చారిత్రక రైలు మ్యూజియంలోనే ఉందనుకోవక్కర్లేదు. మన ఊరి స్టేషనుకొచ్చి ఆగేది కూడా చరిత్రే.

ఆ కొలతలేమిటో చూద్దాం. పెట్టె నేల పట్టాల నుంచి సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పెద్ద స్టేషన్లలో ఎత్తైన ప్లాట్‌ఫారం 76 నుంచి 84 సెంటీమీటర్లు. మధ్యరకం ప్లాట్‌ఫారం 45 సెంటీమీటర్ల చిల్లర. ఇక పట్టాల మట్టంలోనే ఉండే ప్లాట్‌ఫారాలు కూడా ఉన్నాయి. అంటే అన్నిటికంటే మంచి ప్లాట్‌ఫారం మీద కూడా అడుగున్నర ఎత్తు మిగిలిపోతుంది. అన్నిటికంటే తక్కువ ప్లాట్‌ఫారం మీదైతే నాలుగడుగుల పైన ఎక్కాలి. ఇంత ఎత్తుకు చేతికడ్డీలు పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, చంకలో బిడ్డతో ఎక్కడం కాళ్లున్న స్త్రీకే కష్టం. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషిని ఎవరో ఒకరు ఎత్తాల్సిందే. ఎత్తినా లోపలి నడవలో కుర్చీ తిరగదు, మరుగుదొడ్డి తలుపులో పట్టదు. చిన్న స్టేషనులో రైలు ఆగేదే ఒకటి రెండు నిమిషాలు.

ఎత్తే చేతులు

కొన్నేళ్లుగా పరిశోధన పని మీద కోయిలకుంట్ల, సంజామల, బనగానపల్లె చుట్టుపక్కల వికలాంగ స్త్రీలతో మాట్లాడుతున్నాను. వాళ్లలో చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లున్నారు, నాపరాళ్ల గనిలో నడుము విరిగినవాళ్లున్నారు, కాన్పు తర్వాత కాళ్లు పడిపోయినవాళ్లున్నారు. రైలు ఎప్పుడైనా ఎక్కారా అని అడిగితే చాలామంది నవ్వారు. కుట్టుమిషను మీద బతికే ఒకామె చెప్పిన మాట ఇది: "రైలు చూసేకి బాగుంటాది మేడమ్. ఎక్కేకే భయం. ఎవురు ఎత్తుతారో, యాడ పట్టుకుంటారో తెల్దు. ఒగరు చంకల్లో చెయ్యేస్తారు, ఒగరు తొడల కింద. వద్దని చెప్పేకి నాకి నోరు రాదు. చెప్తే దించేసి పోతారేమోనని."

ఈ నాలుగు ముక్కల్లో ఉన్నది కేవలం సౌకర్యం గురించిన ఫిర్యాదు కాదు. తన శరీరాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా ముట్టుకోవాలో చెప్పే అధికారం స్త్రీకి ఉండాలని మనం దశాబ్దాలుగా అంటున్నాం. ఆ అధికారాన్ని ఈ స్త్రీ ఒక టికెట్టుకు బదులుగా ప్లాట్‌ఫారం మీద వదిలేయాల్సి వస్తోంది. ముంబైకి చెందిన విరాలి మోదీ 2017లో ఈ విషయాన్ని దేశం ముందు పెట్టారు. తనను రైలెక్కించే వంకతో కూలీలు తన ఒంటిమీద చేతులేశారని, అదీ ఒక్కసారి కాదని, ఆమె బహిరంగంగా చెప్పి సంతకాల ఉద్యమం నడిపారు. దాని ఫలితంగా కేరళలో కొన్ని స్టేషన్లలో తరలించగల ర్యాంపులు వచ్చాయి. అదే ఏడాది జూన్‌లో క్రీడాకారిణి సువర్ణారాజ్‌కు నాగపూర్ నుంచి ఢిల్లీ వెళ్లే రైల్లో పైబెర్తు ఇచ్చారు. పోలియోతో చక్రాల కుర్చీ వాడే ఆమె ఆ రాత్రి పెట్టెలో నేల మీద పడుకోవాల్సి వచ్చింది. దేశానికి పతకాలు తెచ్చిన స్త్రీకి, పదిమందికీ తెలిసిన స్త్రీకి ఇలా జరిగితే, సంజామల దగ్గర పల్లెలోని స్త్రీ సంగతి ఎవరికి పడుతుంది?

ఎత్తేవాళ్ల గురించి కూడా మాట్లాడాలి. ప్లాట్‌ఫారం మీద ఎత్తేది మగవాళ్లే కావచ్చు. ఇంటి నుంచి స్టేషను దాకా, స్టేషను నుంచి ఆసుపత్రి దాకా మోసేది మాత్రం తల్లి, అక్క, కూతురు. వికలాంగులతో పాటు తోడు వచ్చేవారికి కూడా రైల్వే రాయితీ ఇస్తుంది. మంచిదే. కానీ ఆ తోడు మనిషి ఎక్కణ్ణుంచి వస్తుందని మన వ్యవస్థ అనుకుంటోంది? కూలి మానుకుని, పొయ్యి ఆర్పుకుని, కూలి డబ్బులు పోగొట్టుకుని వచ్చే ఆడమనిషే ఆ తోడు. నడుము విరిగిన కూతుర్ని పెట్టుకున్న ఒక తల్లి నాతో అంది: "నాకి కాళ్లాడినన్నాళ్లు మోస్తా. నేను పడిపోయినాక దీన్ని ఎవురు మోస్తారు?" ఒక ర్యాంపు చేయాల్సిన పనిని జీతం బత్తెం లేకుండా ఈ తల్లుల చేత చేయిస్తున్నాం. ఖర్చు ఎక్కువవుతుందని రైల్వే అన్నప్పుడల్లా, ఆ ఖర్చు ఇప్పటికే ఎవరు భరిస్తున్నారో గుర్తుచేయాలి.

పెట్టె ఎప్పుడూ మారుతూనే ఉంది

పాత రైలును మార్చడం కుదరదన్న వాదనకు చరిత్రే జవాబు చెబుతుంది. 1890 నాటి భారత రైల్వేల చట్టం 64వ సెక్షను ప్రకారం, ప్రయాణికులను తీసుకెళ్లే ప్రతి రైల్లోనూ అన్నిటికంటే కింది తరగతిలో కనీసం ఒక గది స్త్రీలకే కేటాయించాలి. రైలు యాభై మైళ్లకు మించి నడిచేదైతే ఆ గదికి మరుగుదొడ్డి కూడా ఉండాలి. మూడో తరగతి ప్రయాణికులను సరుకుతో సమానంగా చూసిన వలస ప్రభుత్వమే, నడుస్తున్న రైళ్లలో గదులు మార్చి, స్త్రీలకు చోటు చేసింది. అది స్త్రీల హక్కు అనుకుని చేసిందేమీ కాదు. పరదా, మర్యాద, కుటుంబ గౌరవం అన్న పితృస్వామిక విలువల వల్లే చేసింది. అయినా ఒక విషయం రుజువైంది. చేయాలనుకుంటే పెట్టె మారుతుంది. స్త్రీ శరీరానికి వేరే అవసరాలుంటాయని ఒప్పుకున్న రోజున, వడ్రంగి పని, ఇనుప పని అడ్డం రాలేదు.

మన పేరుపడ్డ వారసత్వ రైళ్లూ మారకుండా ఏమీ లేవు. డార్జిలింగ్ రైలును 1999లో, నీలగిరి రైలును 2005లో, కాల్కా - సిమ్లా రైలును 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీలగిరి రైలు కోసం తిరుచిరాపల్లి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో కొత్త ఆవిరి ఇంజన్లు కట్టారు, వాటిలో బొగ్గుకు బదులు చమురు వాడారు. పెరంబూరు నుంచి కొత్త పెట్టెలు వచ్చాయి. మన విశాఖ - అరకు దారిలో 2017లో ప్రయాణికులు కొండలు చూడటానికి అద్దాల పైకప్పుతో ఏసీ పెట్టె తగిలించారు. ఇంజను మారింది, ఇంధనం మారింది, పైకప్పు అద్దమైంది. మెట్టు దగ్గరికి వచ్చేసరికే వారసత్వం గుర్తొస్తుందా?

బయటి దేశాల అనుభవం కూడా చూడాలి. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం, అయిదేళ్ల లోపు ప్రతి రైల్లో కనీసం ఒక పెట్టె చక్రాల కుర్చీకి అనువుగా ఉండాలంది. చారిత్రక పెట్టెలకు మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ మినహాయింపు ఎవరు పడితే వారు వాడుకునేది కాదు. పెట్టె వయసు కనీసం ముప్పై ఏళ్లు ఉండాలి, దాన్ని చేసిన కంపెనీ ఇప్పుడు ఆ పని చేస్తూ ఉండకూడదు, ఆ పెట్టెకు నిజమైన చారిత్రక ప్రాధాన్యం ఉండాలి. పైగా మార్పు వల్ల దాని స్వరూపం గణనీయంగా దెబ్బతింటేనే మినహాయింపు. అంటే పాతదని చెప్పడం చాలదు, నిరూపించాలి. బ్రిటన్‌లో మామూలు ప్రయాణికుల రైళ్లన్నీ అందరికీ అందుబాటులో ఉండాలని 2020 జనవరి 1 గడువుగా పెట్టారు. కొన్ని కంపెనీలు ఆ గడువు తప్పి సడలింపులు అడిగాయి, నిజమే. కానీ అక్కడి వారసత్వ రైళ్లు నడిపే సంఘాలు చాలా వరకు తమ పాత పెట్టెల్లో ఒకటో రెండో తీసుకుని, తలుపు వెడల్పు చేసి, కొన్ని సీట్లు తీసేసి, కుర్చీకి చోటు కల్పించాయి. వేల్స్‌లోని ఫెస్టినియాగ్ రైలు పట్టాల మధ్య దూరం డార్జిలింగ్ రైలు లాగే సుమారు రెండడుగులు. అంత ఇరుకు రైల్లోనే చక్రాల కుర్చీకి చోటుంటే, మీటరు వెడల్పు పట్టాల మీద పోయే ఊటీ రైల్లో కుదరదని ఎలా అనగలం?

చట్టంలోని షరతులు

2016 చట్టం 41వ సెక్షను పాత రవాణా సాధనాలను కూడా మార్చాలని స్పష్టంగా చెబుతుంది. అయితే దానికి కొన్ని షరతులు తగిలించింది. సాంకేతికంగా సాధ్యం కావాలి, భద్రంగా ఉండాలి, ఆర్థికంగా గిట్టుబాటు కావాలి, నిర్మాణంలో పెద్ద మార్పులు అవసరం కాకూడదు. 1995 చట్టంలో ఉన్న "ఆర్థిక స్తోమత మేరకు" అన్న మెలికే ఇక్కడ వేరే రూపంలో వచ్చింది. సాధ్యమా కాదా అని తేల్చేది ఎవరు? మార్చాల్సిన సంస్థే తేలిస్తే, జవాబు మనకు ముందే తెలుసు.

ఈ మెలికను ప్రశ్నించే అవకాశం ఇప్పుడు ఉంది. రాజీవ్ రటూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక ఆధారమైంది. అందుబాటు ప్రమాణాలను కేవలం మార్గదర్శకాలుగా, ఇష్టమైతే పాటించేవిగా ఉంచిన 15వ నిబంధన చట్టానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. దీనికి ముందు 2016లో జీజా ఘోష్ కేసులో, సెరిబ్రల్ పాల్సీ ఉన్న స్త్రీని విమానం నుంచి దించేయడం ఆమె గౌరవానికి భంగమని అదే కోర్టు చెప్పి, పది లక్షల పరిహారం ఇప్పించింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. అందులో 6వ అధికరణ వికలాంగ స్త్రీలు ఎదుర్కొనే బహుముఖ వివక్షను గుర్తిస్తుంది. 30వ అధికరణ సాంస్కృతిక జీవితాన్నీ, పర్యాటకాన్నీ కూడా హక్కుల్లో చేరుస్తుంది. అంటే ఊటీ రైలెక్కి కొండలు చూడాలన్న కోరిక కూడా హక్కే. ఆసుపత్రికి పోవడానికైతే సరే గాని విహారానికి నీకెందుకు అనే పెద్దమనుషులకు ఈ అధికరణ చూపించాలి.

"ఎంతమంది ఉంటారు?"

ఇది అందరూ అడిగే ప్రశ్న. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, వారిలో స్త్రీలు కోటీ 18 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల పైచిలుకు. స్త్రీల లెక్క తక్కువగా ఉండటానికి ఇళ్లలో వాళ్లను లెక్కల వాళ్లకు చూపకపోవడం కూడా ఒక కారణమని ఊళ్లలో తిరిగిన నా అనుభవం చెబుతోంది. స్టేషనులో వికలాంగులు కనబడరు కాబట్టి ఏర్పాట్లు అక్కర్లేదంటారు. ఏర్పాట్లు లేవు కాబట్టే వాళ్లు స్టేషనుకు రారు. బడులు లేని ఊళ్లో ఆడపిల్లలకు చదువు మీద ఆసక్తి లేదన్న వాదన ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైగా ఎత్తు తగ్గితే సుఖపడేది కుర్చీలో వచ్చే మనిషి ఒక్కతే కాదు. నిండు గర్భిణి, మోకాళ్లు అరిగిన అవ్వ, బిడ్డనెత్తుకున్న తల్లి, మూటతో వచ్చే కూలిమనిషి అందరూ ఆ మెట్టు దగ్గర తడబడేవాళ్లే.

మన ఉద్యమంలోని ఖాళీ

ఇక్కడ స్త్రీల ఉద్యమం వైపు కూడా చూడాలి. స్త్రీల పెట్టె కావాలని అడిగాం, బస్సులో స్త్రీల సీట్లు కావాలని అడిగాం. వికలాంగ సంఘాలు వికలాంగుల పెట్టె కావాలని అడిగాయి. ఈ రెంటి మధ్య వికలాంగ స్త్రీ జారిపోయింది. స్త్రీల పెట్టె ఆమె ఎక్కలేనిది. వికలాంగుల పెట్టె చాలా రైళ్లలో చివర గార్డు పెట్టెతో కలిసి ఉంటుంది. ప్లాట్‌ఫారం వెలుతురు అక్కడిదాకా రాదు. లోపల ఎవరెవరో ఎక్కి కూర్చుంటారు. రాత్రిపూట ఒంటరి స్త్రీ అందులో కూర్చోవడానికి భయపడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పథకం. కానీ పల్లెవెలుగు బస్సు మెట్టెక్కలేని స్త్రీకి ఆ ఉచితం ఏం ఉపయోగం? 2024లో వికలాంగుల పింఛను ఆరువేలు చేశారు. అదీ మంచిదే. ఆ ఆరువేలలో ఎంత భాగం ఆటోకి పోతోందో లెక్క వేసిన వాళ్లు లేరు. 2015లో వికలాంగులను "దివ్యాంగులు" అనమన్నారు. పేరు పెంచినంత తేలిగ్గా ప్లాట్‌ఫారం పెంచలేదు.

అడగవలసినవి

మన డిమాండ్లు స్పష్టంగా, ఆచరణకు దగ్గరగా ఉండాలని నా అభిప్రాయం.

మొదటిది, ప్రతి ప్యాసింజరు రైల్లోనూ, ప్రతి వారసత్వ రైల్లోనూ కనీసం ఒక పెట్టె చక్రాల కుర్చీకి అనువుగా మార్చాలి. అన్ని పెట్టెలూ ఒక్కసారే మార్చమని ఎవరూ అడగడం లేదు. వారసత్వ రైలు బయటి రూపం, రంగు, చెక్కపని అలాగే ఉంచి లోపల మార్చవచ్చు.

రెండోది, తరలించే ర్యాంపుతోనే పని ముగిసిందనుకోకూడదు. ఎత్తైన ప్లాట్‌ఫారం నుంచి కూడా యాభై సెంటీమీటర్ల దాకా ఎక్కాలి. పన్నెండుకు ఒకటి చొప్పున భద్రమైన వాలు కావాలంటే ఆరు మీటర్ల ర్యాంపు అవుతుంది. ప్లాట్‌ఫారం వెడల్పు చాలదు. అంతకంటే నిటారుగా పెడితే మళ్లీ ఎవరో తోయాలి, పట్టుకోవాలి. అందుకని చేత్తో తిప్పి పైకెత్తే చిన్న లిఫ్టులు ప్రతి స్టేషనులో పెట్టాలి. అమెరికా రైల్వే స్టేషన్లలో ఇలాంటివి ఎప్పటి నుంచో వాడుతున్నారు. మన వర్క్‌షాపులకు ఇది చేతకాని పని కాదు.

మూడోది, ఆ పెట్టె రైలు చివర కాకుండా స్టేషను గది ఎదురుగా, వెలుతురులో ఆగాలి. దాంట్లో స్త్రీలకు వేరే చోటుండాలి. సహాయానికి శిక్షణ పొందిన స్త్రీ ఉద్యోగులుండాలి. ముట్టుకునే ముందు అడగాలన్నది ఆ శిక్షణలో మొదటి పాఠం కావాలి.

నాలుగోది, సాధ్యం కాదు అన్న నిర్ణయం రైల్వే ఒక్కటే తీసుకోకూడదు. ఆ కమిటీలో వికలాంగ స్త్రీలు సభ్యులుగా ఉండాలి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పాలి.

ఇందులో మనం చేయగలిగిన పనీ ఉంది. మీ ఊరి స్టేషనుకు వెళ్లండి. ఒక టేపు తీసుకుని ప్లాట్‌ఫారం ఎత్తు, పెట్టె నేల ఎత్తు, తలుపు వెడల్పు, మరుగుదొడ్డి వెడల్పు కొలవండి. మీ ఊళ్లో చక్రాల కుర్చీ వాడే స్త్రీలు ఎందరున్నారో, వాళ్లు చివరిసారి ఊరు దాటింది ఎప్పుడో అడిగి రాయండి. సమాచార హక్కు చట్టం కింద డివిజను కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. ఆ కొలతలు, ఆ జవాబులు మన సంఘాలకు పంపండి. నూరు స్టేషన్ల కొలతలు ఒక్కచోట చేరితే, అందుబాటు సాధ్యమా కాదా అన్న చర్చను రైల్వే గదుల్లోంచి మనం బయటికి తీసుకురాగలం. ఇన్నాళ్లూ పెట్టె కొలతలకు సరిపడని స్త్రీలను ఇంట్లో వదిలి రైలు కదిలింది. ఇక ఆ స్త్రీల కొలతలతో పెట్టె తయారుచేయమని అడగాల్సిన సమయం వచ్చింది.